పక్కింటి మేడమీద ప్యానెల్: సోలార్ అంచనాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇంటి కప్పు మీద సోలార్ గురించి రెండు ముక్కలు రాస్తే ఉత్తరాలు గుట్టగా వచ్చిపడ్డాయి. ఏ ప్యానెల్ కొనాలి, ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి అన్నవి చాలానే ఉన్నాయి, అవి ఇంకోసారి చూద్దాం. ఎవరెవరు ఎప్పుడు పెట్టించుకుంటారో ముందే ఎలా లెక్కకడతారు, అందరూ అలా పెట్టించుకుంటూ పోతే కరెంటు సంస్థల గతేంటి అని అడిగినవి మాత్రం ఈసారి ముందుకి తీశాను, ఎందుకంటే నేను చాలా ఏళ్ళు ఒక కరెంటు సంస్థలో లోడ్ అంచనాలు వేసే సెక్షన్లోనే పనిచేశా, ఈ ప్రశ్నలు ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతూనే ఉంటాయి.

ప్ర: ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నా సార్. ఐదేళ్ళ సోలార్ కనెక్షన్ల లెక్క ఎక్సెల్లో పెట్టి ట్రెండ్ లైన్ గీసి పదేళ్ళ దాకా లాగాను. మా గైడ్ "ఇది అంచనా కాదు" అన్నారు. తప్పెక్కడుంది?

జ: తప్పు ఆ స్కేలులో ఉంది బాబూ. కొత్త వస్తువు ఏదీ తిన్నగా గీత గీసినట్టు పెరగదు, మొదట్లో పాకుతుంది, ఒక దశ దాటాక ఎగబాకుతుంది, కొనగలిగినవాళ్ళంతా కొనేశాక చదునైపోతుంది. ఎస్ అక్షరాన్ని రెండువైపులా పట్టుకుని లాగినట్టుంటుంది ఆ గీత. నువ్వు పాకే దశలో స్కేలు పెట్టావనుకో అంచనా బాగా తక్కువొస్తుంది, ఎగబాకే దశలో పెట్టావనుకో ఇళ్ళ కన్నా ప్యానెళ్ళే ఎక్కువైపోతాయి.

దీనికి 1969లో ఫ్రాంక్ బాస్ అనే ఆయన ఒక మోడల్ ఇచ్చాడు, ఇప్పటికీ అందరూ దాంతోనే మొదలుపెడతారు. మూడే సంఖ్యలు. పి అంటే ఎవర్నీ చూడకుండా తమంతట తాము కొనేవాళ్ళ జోరు, క్యూ అంటే కొన్నవాళ్ళని చూసి కొనేవాళ్ళ జోరు, ఎం అంటే ఎప్పటికైనా కొనే అవకాశం ఉన్న మొత్తం ఇళ్ళు. కాగితం మీద చేసి చూడు. ఎం 1000, పి 0.01, క్యూ 0.4 అనుకో. మొదటి ఏడాది 10 ఇళ్ళు. రెండో ఏడాది, ఆల్రెడీ పెట్టినవాళ్ళు నూటికి ఒక్కరు కాబట్టి 0.4లో నూరో వంతు 0.004, దానికి 0.01 కలిపితే 0.014, దాన్ని మిగిలిన 990 ఇళ్ళతో గుణిస్తే సుమారు 14, మొత్తం 24. అలాగే చేసుకుంటూ పోతే మూడో ఏడాదికి 43, నాలుగుకి 69, ఐదుకి 104. ఇప్పుడు ఈ ఐదు చుక్కల మీద నీ ట్రెండ్ లైన్ పెట్టి పదో ఏడాదికి లాగితే 213 వస్తుంది. బాస్ లెక్కలో 472. సగం కూడా లేదు చూశావా, ఆ తేడాలోనే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి, కొన్న కరెంటు మిగిలిపోతుంది, బడ్జెట్లు తలకిందులవుతాయి.

ఐతే నిజమైన కష్టం ఎం దగ్గరుంది. కప్పు మీద నీడ పడే ఇళ్ళు తీసెయ్యాలి, అద్దెకుండేవాళ్ళు సొంతంగా పెట్టించుకోలేరు, అపార్ట్‌మెంట్లో టెర్రస్ అందరిదీ, ఇవన్నీ పోగా మిగిలిన ఇళ్ళలో కూడా పెట్టిన డబ్బు ఎన్నేళ్ళకి తిరిగొస్తుంది అన్నదాన్ని బట్టి ఎంతమంది ముందుకొస్తారో మారుతుంది. పేబ్యాక్ పదేళ్ళుంటే తలూపేవాళ్ళు వేరు, ఐదేళ్ళకి దిగితే ఎగబడేవాళ్ళు వేరు. అంటే ఎం అనేది స్థిరమైన సంఖ్య కాదు, టారిఫ్ మారినప్పుడల్లా, ప్యానెల్ ధర తగ్గినప్పుడల్లా అదీ కదులుతుంది. అమెరికాలో ఎన్‌ఆర్‌ఈఎల్ అనే పేరుతో నడిచిన ప్రభుత్వ ఇంధన పరిశోధన ల్యాబ్ వాళ్ళు తయారుచేసిన డీజెన్ మోడల్ చేసేది ఇదే, ఒక్కో రకం ఇంటిని విడిగా తీసుకుని దాని కప్పు, దాని వాడకం, దాని టారిఫ్ పెట్టి పేబ్యాక్ లెక్కకట్టి, ఆ తర్వాత బాస్ గీత మీదకి ఎక్కిస్తుంది. అది ఉచితంగానే దొరుకుతుంది, ప్రాజెక్టుకి పనికొస్తుంది చూడు.

క్యూ గురించి ఇంకో మాట చెప్పకుండా వదల్లేను. 2012లో బోలింగర్, గిలింగ్‌హామ్ అనే ఇద్దరు కాలిఫోర్నియా లెక్కలు తీసి చూశారు, ఒక జిప్ కోడ్‌లో (మన పిన్ కోడ్ లాంటిది) ఒక్క ఇంటి మీద కొత్తగా సోలార్ పడితే అక్కడ ఇంకొకరు పెట్టించుకునే అవకాశం 0.78 శాతం పాయింట్లు పెరుగుతోందని తేలింది. చిన్న సంఖ్యలా కనపడుతుంది గానీ ఇది ప్రతి ఇంటికీ కూడుకుంటూ పోతుంది. తర్వాత కనెక్టికట్‌లో చేసిన పరిశీలనలో దూరం పెరిగేకొద్దీ ఈ ప్రభావం తగ్గుతుందని కూడా తేలింది. పక్కింటాయన మేడ మీద మెరుస్తున్న ప్యానెల్ కళ్ళకి కనపడుతుంది, ఆయన బిల్లు ఎంతొచ్చిందో గోడ మీంచే అడగొచ్చు, ఏ ప్రకటనా దీనికి సాటిరాదు. అందుకే సోలార్ ఊరంతా సమంగా చల్లినట్టు రాదు, గుంపులు గుంపులుగా వస్తుంది. నీ ప్రాజెక్టులో ఊరు మొత్తానికి ఒక గీత గీయకుండా వీధి వీధికీ విడిగా గీయగలిగితే మీ గైడ్ ఏమంటారో నాకు రాయి.

ప్ర: పేరున్న అంతర్జాతీయ సంస్థలే సోలార్‌ని ఏళ్ళతరబడి తక్కువ అంచనా వేశాయంటారు, నిజమేనా?

జ: నిజమే. అంతర్జాతీయ ఇంధన సంస్థ, అదే ఐఈఏ, ఏటా ఇచ్చే నివేదికలో "ఇకనుంచి సోలార్ చేర్పు దాదాపు ఇప్పుడున్నంతే ఉంటుంది" అన్నట్టు గీత గీయడం, మరుసటి ఏడాది అసలు లెక్క ఆ గీతని దాటేయడం, మళ్ళీ కొత్త మట్టం నుంచి ఇంకో చదును గీత, ఇలా చాలా ఏళ్ళు జరిగింది. ఇప్పటిదాకా తయారైన మొత్తం ప్యానెళ్ళు రెట్టింపైన ప్రతిసారీ ధర 20 శాతం దాకా తగ్గుతూ వస్తోంది, దీన్నే స్వాన్సన్ సూత్రం అంటారు. ధర తగ్గితే ఎక్కువమంది కొంటారు, ఎక్కువమంది కొంటే ధర ఇంకా తగ్గుతుంది, ఈ చక్రాన్ని మోడల్లో బయట పెట్టేస్తే ఎంత పెద్ద సంస్థ ఐనా అంతే. మొన్నటికి మొన్న పాకిస్థాన్ 2024 ఒక్క ఏడాదిలో సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్ళు దిగుమతి చేసుకుంది, గ్రిడ్ కరెంటు రేటు భరించలేక జనం తమంతట తామే చేసిన పని అది. పెద్ద ప్రభుత్వ పథకం ఉంటేనే జనం కదులుతారు అనుకుని అంచనాలు వేసేవాళ్ళు ఆ దేశాన్ని తప్పకుండా చూడాలి.

ప్ర: నేను సబ్‌స్టేషన్లో ఆపరేటర్ని. ఇళ్ళ మీద సోలార్ వల్ల మా లోడ్ తగ్గుతోంది కదా, మరి ట్రాన్స్‌ఫార్మర్లకి అది మంచిదే కదండీ?

జ: ఈ మాటే నేనూ నమ్మి దెబ్బతిన్నా, అందుకని కాస్త వివరంగా చెప్తా వినండి.

అప్పట్లో మాకు ఒక్కో ఫీడర్ది, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి వెళ్ళే లైన్‌ది, 24 గంటల లోడ్ గ్రాఫ్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టేవాళ్ళు. ఒక ఫీడర్ గ్రాఫ్‌లో పదకొండింటి నుంచి మూడింటి దాకా పళ్ళెం అడుగులా గుంట పడింది, అంతకుముందు ఏడాది అదే నెలలో అక్కడ బల్లపరుపుగా ఉండేది. మీటర్ పాడైందేమో అని మనిషిని పంపించాం. సీటీలు (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) చూశాడు, వైరింగ్ చూశాడు, అన్నీ బానే ఉన్నాయి. తర్వాత అతను ఆ వీధిలో ఒక మేడ ఎక్కి ఫోన్ చేసి "సార్, ఇక్కడ వరసగా పదకొండు ఇళ్ళ మీద ప్యానెళ్ళున్నాయి, ఈ సందు అవతల ఇంకా కనపడుతున్నాయి" అన్నాడు. మా రికార్డులో ఆ వీధికి నాలుగే ఉన్నాయి.

సరే, లోడ్ తగ్గింది కదా అని ఆ ఏడాది అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పెంచే పని వాయిదా వేశాం, ఆ అంచనా కాగితం మీద సంతకం నాదే. ఓ ఉక్కపోత రోజు మధ్యాహ్నం నల్లటి మబ్బు కమ్మింది, పది నిమిషాల్లో ప్యానెళ్ళన్నీ పడుకున్నాయి, ఏసీలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అన్నాళ్ళూ ప్యానెళ్ళ చాటున దాక్కున్న లోడ్ అంతా ఒక్కసారిగా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది, ఫ్యూజులు ఎగిరిపోయాయి, ఆ వీధి రాత్రిదాకా చీకట్లో ఉంది. లోడ్ తగ్గలేదండీ, మా మీటర్‌కి కనపడకుండా పోయింది అంతే. ఇళ్ళ అసలు వాడకం వేరు, గ్రిడ్ నుంచి తీసుకునేది వేరు, ఈ రెండూ విడిగా అంచనా వేయకపోతే ఏదో ఒక మబ్బు రోజు మోసపోతాం.

ఎక్కడెక్కడ ప్యానెళ్ళున్నాయో తెలీకపోవడం మా ఒక్కరి సమస్యే కాదు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఉపగ్రహ ఫొటోలు కంప్యూటర్‌కి ఇచ్చి అమెరికా ప్రధాన భూభాగమంతా వెతికిస్తే 14.7 లక్షల సోలార్ అమరికలు దొరికాయి. మీ పరిధిలో అంత పెద్ద పని అక్కర్లేదు, మీ లైన్‌మెన్ తిరిగినప్పుడల్లా కప్పుల మీద చూసి ఫీడర్ వారీగా రాసి పెట్టినా చాలు.

ప్ర: మధ్యాహ్నం మేము గ్రిడ్‌కి ఇచ్చేదీ యూనిట్టే, రాత్రి తీసుకునేదీ యూనిట్టే. మరి ఇచ్చినదానికి తక్కువ కట్టి తీసుకున్నదానికి ఎక్కువ వసూలు చేయడం అన్యాయం కాదా?

జ: మీ బాధ అర్థమైంది అమ్మా, లెక్క ఒకసారి కరెంటు సంస్థ వైపు నుంచి కూడా చూడండి. మిట్టమధ్యాహ్నం మీరిచ్చే టైంకే మీ వీధిలో అందరూ ఇస్తున్నారు, అప్పుడు కరెంటు దండిగా ఉంటుంది, ఎవరికీ పెద్దగా అక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకి ఎండ పోతుంది, అదే టైంకి ఇళ్ళకి జనం చేరి లైట్లు, ఏసీలు అన్నీ వేస్తారు. 2013లో కాలిఫోర్నియా గ్రిడ్ నడిపేవాళ్ళు దీన్నే ఒక బొమ్మగా గీశారు, మధ్యాహ్నం కిందకి వేలాడే పొట్ట, సాయంత్రం నిటారుగా లేచే మెడ, చూడ్డానికి బాతులా ఉందని డక్ కర్వ్ అన్నారు. ఆ మెడ భాగంలో రెండు మూడు గంటల్లో వేల మెగావాట్లు పైకి తేవాలి, దానికోసం కొన్ని ప్లాంట్లు రోజంతా వేడిగా ఉంచాలి, ఖర్చంతా అక్కడే ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఐతే 2023 చివర్లో కొన్ని మధ్యాహ్నాలు గ్రిడ్ నుంచి కావాల్సిన డిమాండ్ దాదాపు సున్నాకి వచ్చేసింది, ఇళ్ళ కప్పులే రాష్ట్రాన్ని నడిపాయి. వినడానికి ఎంత బాగుందో నడపడానికి అంత కష్టం.

అందుకని మీరిచ్చిన యూనిట్‌ని తీసుకున్న యూనిట్‌కి పూర్తి రేటుకి సర్దుబాటు చేసే నెట్ మీటరింగ్ మొదట్లో జనాన్ని అలవాటు చేయడానికి చాలా మంచిది, నేను గట్టిగా సమర్థిస్తా. ఎప్పటికీ అలాగే ఉండాలంటే మాత్రం కుదరదు. ఐతే మార్చే పద్ధతి ఒకటుంటుంది. అమెరికాలోని నెవాడాలో 2015 డిసెంబర్లో, గ్రిడ్‌కి ఇచ్చినదానికి తక్కువ కట్టే కొత్త రేట్లే పాత కస్టమర్లకి కూడా అన్నారు, అప్పటికే అప్పుచేసి పెట్టించుకున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు, చివరికి 2017లో చట్టం తెచ్చి నెట్ మీటరింగ్‌ని మళ్ళీ తీసుకురావాల్సొచ్చింది. మాటిచ్చి వెనక్కి తీసుకుంటే జనం ఇంకే పథకాన్నీ నమ్మరు, నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

ప్ర: ఎండ బాగా కాసే టైంకే మా ఇన్వర్టర్ ఆగిపోయి మళ్ళీ వస్తోంది. అలాగే కరెంటు పోయినప్పుడు ఎండున్నా సోలార్ పనిచేయదు. ప్యానెళ్ళు మంచివి కావా?

జ: రెండూ వేరువేరు కారణాలండీ, ప్యానెళ్ళ తప్పు లేదు. కరెంటు పోయినప్పుడు ఆగడం భద్రత కోసం, లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి కరెంటు తగలకూడదు కదా. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ ఉంటే ఇంటి వరకు నడుపుకోవచ్చు.

ఎండలో ఆగడం మాత్రం వోల్టేజ్ వల్ల అయ్యుండొచ్చు. మీ ఇల్లు లైన్ చివర్లో ఉందా చూడండి. మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజ్ ఎక్కువ, చివరికి తగ్గుతుంది. అందరూ ఒకేసారి వెనక్కి తోస్తుంటే అది తిరగబడి చివర్లోనే పెరుగుతుంది, హద్దు దాటగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఒక ఫీడర్ ఎంత సోలార్ తట్టుకుంటుందో ముందే లెక్కకట్టకపోతే ఆఖరింటివాళ్ళే నష్టపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ సర్దే అమరిక) తగ్గించమని లిఖితపూర్వకంగా అడగండి, చాలాచోట్ల అంతటితో సర్దుకుంటుంది.

ఇన్వర్టర్ సెట్టింగ్ అనేది చిన్న విషయంలా ఉంటుంది గానీ జర్మనీ అనుభవం చూడండి. పాత నిబంధన ప్రకారం ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే ప్యానెళ్ళన్నీ ఆగిపోవాలి. నాలుగు ఇళ్ళున్నప్పుడు రాసిన నిబంధన అది, గిగావాట్లకి గిగావాట్లు ఒక్క క్షణంలో ఆగిపోతే గ్రిడ్డే కూలుతుందని తర్వాత తట్టింది. 2012లో ఆదేశమిచ్చి 3 లక్షలకి పైగా అమరికల్ని ఒక్కొక్కటిగా సరిచేయాల్సొచ్చింది. ఇంతమంది పెట్టించుకుంటారని పదేళ్ళ ముందు అంచనా వేసుంటే మొదట్లోనే ఒక అంకె మార్చి రాసేవాళ్ళు.

ప్ర: "డెత్ స్పైరల్" అని చదివాను. సోలార్ వల్ల కరెంటు సంస్థలు దివాలా తీస్తాయా?

జ: 2013లో అమెరికా ప్రైవేటు కరెంటు సంస్థల సంఘం ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్ నివేదిక ఇలాంటి ప్రమాదం గురించే హెచ్చరించింది, అప్పట్నుంచి ఈ మాట బాగా నలుగుతోంది. చిన్న లెక్కతో చూద్దాం. 100 ఇళ్ళు, ఒక్కొక్కటి 100 యూనిట్లు, యూనిట్‌కి రూపాయి చొప్పున మొత్తం 10,000 వస్తుంది. అందులో 6,000 తీగలు, స్తంభాలు, జీతాలు, అప్పుల వడ్డీ, మీరు వాడినా వాడకపోయినా అయ్యే ఖర్చు. మిగతా 4,000 కరెంటు కొనడానికి. ఇప్పుడు 20 ఇళ్ళవాళ్ళు సోలార్ పెట్టి 70 యూనిట్ల చొప్పున తగ్గించుకున్నారు, అమ్మకం 8,600కి పడింది, ఖర్చు మాత్రం 9,440 దగ్గరే ఆగింది. ఒక్కో యూనిట్ రేటు దాదాపు 10 శాతం పెంచితే తప్ప గిట్టదు. పెంచితే సోలార్ ఇంకా లాభసాటి అవుతుంది, ఇంకో పదిమంది పెట్టిస్తారు, మళ్ళీ పెంచాలి. సుడి అంటే ఇదే. ఇందులో నన్ను నిజంగా కలవరపెట్టేది సంస్థ కాదు, ఆ మిగిలిన 80 ఇళ్ళు, అందులో అద్దెవాళ్ళున్నారు, కప్పే లేనివాళ్ళున్నారు, వాళ్ళ బిల్లు వాళ్ళ తప్పు లేకుండా పెరుగుతోంది.

ఐతే చెప్పినంత భయంకరంగా ఎక్కడా జరగలేదు. ఆస్ట్రేలియాలో మూడిళ్ళలో ఒకదాని మీద సోలార్ ఉంది, కరెంటు సంస్థలు ఇంకా ఉన్నాయి. అమెరికా లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు లెక్కకడితే ఈ సుడికి ఎదురు సుడి కూడా ఉందని తేలింది, సోలార్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం కరెంటు విలువ పడిపోతుంది, టైంని బట్టి రేటు ఉంటే కొత్తవాళ్ళకి లాభం తగ్గి జోరు తగ్గుతుంది, దేశం మొత్తం మీద ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. రేట్లు ఎలా రాస్తారు అన్నదాన్ని బట్టి సుడి ఎటు తిరుగుతుందో ఉంటుందన్నమాట. చాలా సంస్థలు దీనికి సులువైన మందని ఫిక్స్‌డ్ చార్జీలు బాదేస్తాయి, నాకది నచ్చదు, నెలకి 40 యూనిట్లు వాడే పేదింటికీ అదే దెబ్బ తగులుతుంది.

ప్ర: బ్యాటరీలు చవకైతే అందరూ గ్రిడ్ వైర్ కోసేసుకుంటారా?

జ: కొద్దిమంది తప్ప కోసుకోరు. రోజులో ఎండని రాత్రికి దాచుకోవడం తేలిక, వారం పది రోజులు ముసురు పడితే దానికి సరిపడా దాచుకోవడం చాలా ఖరీదు, ఏడాదిలో ఆ కొద్ది రోజుల కోసం బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువ కొనాలి. వైర్ ఉంచుకుని కొనడం బాగా తగ్గించేస్తారు, సంస్థకి అదే అసలైన సవాలు. కాలిఫోర్నియాలో 2024 నాటికి గ్రిడ్‌లోనే 10,000 మెగావాట్లకి పైగా బ్యాటరీలు వచ్చాయి, బాతు మెడ కాస్త వంగింది కూడా.

ప్ర: ప్లానింగ్‌లో కొత్తగా చేరాను. పైవాళ్ళు పదేళ్ళ తర్వాత ఎంత సోలార్ ఉంటుందో ఒక్క నంబర్ చెప్పమంటున్నారు. ఏం చెయ్యను?

జ: ఒక్క నంబర్ ఇవ్వకండి, ఎంత ఒత్తిడొచ్చినా ఇవ్వకండి. ఆస్ట్రేలియా గ్రిడ్ నడిపే ఏఈఎంఓ ఐతే ఇద్దరు వేర్వేరు నిపుణుల బృందాల చేత లెక్కలు కట్టించి, రకరకాల పరిస్థితులకి విడివిడి గీతలు ఇస్తుంది. మీరు కనీసం మూడు ఇవ్వండి, టారిఫ్ ఇలాగే ఉంటే, మధ్యాహ్నం రేటు తగ్గితే, బ్యాటరీ సగం ధరకొస్తే.

నిబంధన మారే తేదీ దగ్గర మాత్రం ఏ ఎస్ గీతా పనిచేయదు, అక్కడ విడిగా ఆలోచించండి. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి గ్రిడ్‌కి ఇచ్చే యూనిట్ విలువ సగటున సుమారు 75 శాతం తగ్గుతుందని ముందే తెలిసి, ఆ లోపు పాత రేటు దక్కించుకోవాలని దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి, తేదీ దాటాక ఒక్కసారిగా ఎండిపోయాయి. వరద నెలల్ని చూసి పదేళ్ళకి లాగినా తప్పే, ఎండిన నెలల్ని చూసి లాగినా తప్పే. హవాయి 2015 అక్టోబర్లో నెట్ మీటరింగ్ ఆపేసినప్పుడూ కొత్త రకం కస్టమర్లు మొదలయ్యారు, బయటికి ఇవ్వకుండా ఇంట్లోనే వాడుకునేవాళ్ళు, వాళ్ళ లోడ్ గ్రాఫ్ పాతవాళ్ళలా ఉండదు.

ప్రతి గీత పక్కన అది ఏ నెల టారిఫ్ ఆర్డర్ మీద ఆధారపడిందో మొదటి పేజీలోనే రాయండి. ఫీడర్ వారీ పట్టిక వెనక జోడించండి. పాత అంచనా ఫైలు పారేయకుండా ఆరు నెలలకోసారి తీసి అసలు లెక్కతో పక్కపక్కన పెట్టండి, ఎంత తప్పిందీ ఏ వీధిలో తప్పిందీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. మొదటిసారి చేసినప్పుడు నాకు చాలా ఎరుపే కనపడింది, అందులో సగానికి పైగా నాలుగైదు వీధుల్లోనే ఉంది.